చార్జి లిస్టులో చీమలు

హైమావతికి చీమలు కొత్తేమీ కాదు. కాపురానికి వచ్చిన నాటినుంచీ పంచదార డబ్బాను నీళ్ళ పళ్ళెంలో నిలబెట్టడం, బెల్లం అచ్చును సంచిలో సంచి పెట్టి మేకుకు తగిలించడం, నేతిగిన్నె చుట్టూ పసుపు గీత గీయడం ఆవిడకు రోజువారీ పనులు. ఒక్కొక్కసారి ఆవిడ గెలిచేది, ఎక్కువసార్లు చీమలు గెలిచేవి. అదంతా ఆడవాళ్ళకూ చీమలకూ మధ్య తరతరాలుగా నడుస్తున్న వ్యవహారం. అందులోకి ప్రభుత్వం వస్తుందనీ, వచ్చి చీమల పక్షాన నిలబడుతుందనీ ఆవిడ ఏనాడూ అనుకోలేదు.

కోటరేవు పురపాలక సంఘంలో ఆవిడ జనన మరణాల సెక్షను చూసే సీనియర్ అసిస్టెంటు. ఊళ్ళో ఎవరు పుట్టినా, ఎవరు పోయినా ఆవిడ కంప్యూటర్‌లోంచి కాగితం బయటికి వస్తేగాని పుట్టినట్టూ కాదు, పోయినట్టూ కాదు. భర్త రత్నాకర్ ఒంగోలు హైస్కూల్లో లెక్కల మాస్టారు. కూతురు హరిణి తొమ్మిదో తరగతి, తండ్రి దగ్గరే చదువుకుంటోంది. హైమావతి ఇక్కడ సుబ్బరత్తమ్మగారింట్లో వెనక పోర్షన్ తీసుకుని, ఒక స్టవ్వు, ఒక మంచం, నాలుగు గిన్నెలతో కాలక్షేపం చేస్తూ, శనివారం సాయంత్రం ఒంగోలు బస్సెక్కి సోమవారం పొద్దున్నే దిగేది. భార్యాభర్తలు ఒకచోట ఉండాలన్నది ప్రభుత్వానికి కూడా ఇష్టమేనని ఉత్తర్వుల్లో ఉంది. ఆ ఇష్టం నడుచుకుంటూ హైమావతి బల్ల దాకా రావడానికి ఏళ్ళు పట్టింది.

చివరికి వచ్చింది. ఒంగోలుకు బదిలీ. నెలాఖరులోగా వెళ్ళి చేరాలి. చేరకపోతే ఉత్తర్వు దానంతటదే రద్దయి, ఆ కుర్చీ వెనక కాచుకుని ఉన్న ఇంకొకరికి పోతుంది.

ఫోనులో హరిణి పెద్దగా సంబరపడలేదు. "ఈసారన్నా నిజమేనా అమ్మా? నేను రెండు జడలూ వేసుకోవడం నేర్చేసుకున్నాలే. వెనక పాపిడే వంకరొస్తోంది" అంది.

ఆ పాపిడిని నెలాఖరులోగా సరిచేయాలని హైమావతి నిశ్చయించుకుంది.

ఉద్యోగి కదలాలంటే చార్జి అప్పగించాలి. ఆవిడ స్థానంలోకి పన్నుల సెక్షనునుంచి షేక్ బాజీ అనే కుర్రాడు వస్తున్నాడు. లిస్టు పట్టుకుని మేనేజర్ సత్యప్రసాద్‌గారు స్వయంగా వచ్చారు. ఆయన ఇంటి అడ్రసైనా మరిచిపోతారేమోగాని రూలు మరిచిపోరు. బల్ల, కుర్చీ, బీరువా, బీరువా తాళం, తాళంచెవి సరిపోయాయి.

"కంప్యూటర్. పనిచేయు స్థితిలో" అని చదివారాయన. "వేయండి."

హైమావతి మీట నొక్కింది. పెట్టె గురక పెట్టింది. తెర వెలిగింది. ఎవరిదో పాప జనన ధ్రువపత్రం ఒకటి ప్రింటు ఇచ్చి చూపిద్దామనుకునేలోగా తెర మీద అక్షరాలు కుడివైపుకు ఒరిగి, ఆరిపోయాయి. కీబోర్డు సందుల్లోంచి ఒక ఎర్రచీమ పైకి వచ్చి, అటూ ఇటూ చూసి, వెనక్కి వెళ్ళింది. కాసేపటికి సీపీయూ పెట్టె పక్క రేకులోంచి ఒక బారు బయలుదేరి, బల్ల దిగి, గోడ ఎక్కి, మళ్ళీ పెట్టెలోకే పోయింది.

బాజీ వంగి చెవి పెట్టి విన్నాడు. "అక్కా, ఇదేంది, లోపలొక ఊరున్నట్టుందే."

మేనేజర్‌గారు లిస్టులో ఆ వరుస పక్కన చిన్న ప్రశ్నార్థకం పెట్టి కలం మూశారు.

అవి ఎట్లా వచ్చాయో ఆఫీసులో అందరికీ తెలుసు. ఆయుధ పూజనాడు ఇదివరలో చెత్త లారీలకూ నీళ్ళ ట్యాంకరుకూ నిమ్మకాయలు కట్టి సరిపెట్టుకునేవాళ్ళు. ఈ ఏడు దసరాకు కమిషనర్ దక్షిణామూర్తిగారు ఒక సర్క్యులర్ జారీ చేశారు. కాలం మారిందనీ, ఈ కాలపు ఆయుధం కంప్యూటర్ అనీ, దానికి తగిన మర్యాద జరగాలనీ అందులో ఉంది. ఉన్నవాటిలో కొత్తది గనుక హైమావతి కంప్యూటర్‌కు ఆ భాగ్యం దక్కింది. తెరకు గంధం పూశారు. కీబోర్డుకు కుంకుమబొట్లు పెట్టారు. సీపీయూ పెట్టె పైరేకుకు గాలి కోసం వరసగా కన్నాలుంటాయి. కమిషనర్‌గారు సరిగ్గా దాని పైనే కొబ్బరికాయ కొట్టారు. కాయ సమంగా పగిలింది. నీళ్ళు మాత్రం పల్లం చూసుకుని పోయాయి. ఆ తర్వాత ఆయన దోసెడు అటుకులూ బెల్లమూ పెట్టెమీద నైవేద్యం పెట్టి, కళ్ళు మూసుకుని శ్లోకం చదివారు. చదువుతున్నంతసేపూ నైవేద్యం కన్నాల్లోంచి కొంచెం కొంచెంగా లోపలికి జారింది. కళ్ళు తెరిచి, పెట్టెమీద బెల్లం లేకపోవడం చూసి, దేవి స్వీకరించిందని ఆయన సంతోషించారు. ఫొటో తీశారు. ఆయన కళ్ళు మూసుకుని బెల్లం పెడుతున్నట్టు తీసిన దాన్ని పెద్దది చేయించి కమిషనర్‌గారి గదిలో, ఆయన కుర్చీ వెనక గోడకు తగిలించారు.

మినప్పప్పుకు పురుగు పడితే ఏం చేస్తాం, చేటలో పోసి దులిపి ఎండలో పెడతాం. హైమావతి కూడా ఆ ప్రకారమే ఒక స్క్రూడ్రైవరు సంపాదించుకుని వచ్చింది. మేనేజర్‌గారు చూపుడువేలుతో పెట్టె వెనకున్న చిన్న కాగితం ముక్కను చూపించారు. కంపెనీవాళ్ళ సీలు. అది చిరిగితే పెట్టె బాధ్యత విప్పినవాళ్ళదే.

కంపెనీకి ఫోను చేసింది. "మేడమ్, మా ఒప్పందంలో నీళ్ళు, పిడుగు, ఎలుకలు మినహాయింపు" అన్నాడు అవతల మనిషి. "చీమల మాటే లేదు. లోపలున్న జీవులు ఖాళీ చేశాక చెప్పండి, వచ్చి చూస్తాం."

"విప్పకుండా ఎట్లా ఖాళీ చేస్తాయండీ?"

"అది మీరూ అవీ తేల్చుకోవాలి మేడమ్."

శానిటరీ ఇన్‌స్పెక్టర్ జోజిబాబు దగ్గరికి పోయింది. ఆయన మంచివాడు. దోమల మందు పొగ యంత్రం ఆయన చేతికింద ఉంది.

"అమ్మా, రూము నాదేనమ్మా. రూములో గాలి నాదే. పెట్టెలో గాలి మాత్రం నా కిందికి రాదు" అన్నాడు. కాసేపు ఆలోచించి, గొంతు తగ్గించి, "అయ్యి దోమలని రాసియ్యండి, ఇప్పుడే పొగ పెట్టిస్తా" అన్నాడు.

"చీమలు జోజిబాబుగారూ. కళ్ళముందు కనపడుతున్నాయిగా."

"కనపడేది నిజమేనమ్మా. నాకిచ్చిన మందు దోమలకి. చీమలు చచ్చినా లెక్కలో దోమలే చావాలి."

హైమావతి అబద్ధం రాయనంది. తర్వాత చాలాసార్లు, ఆ ఒక్క అబద్ధం రాసి ఉంటే ఎంత బాగుండేదో అనుకుంది.

మర్నాడు మేనేజర్‌గారు ఆవిడను పిలిచి కూర్చోబెట్టారు. రాత్రంతా రూళ్ళ పుస్తకం చదివినట్టు ఆయన ముఖం ప్రశాంతంగా ఉంది.

"హైమావతిగారూ, పోయినేడు మన వాటర్ ట్యాంకుకు తేనెపట్టు పడితే ఏం చేశాం?"

"వేలం వేశామండీ."

"ఎందుకు వేశాం? ట్యాంకు మున్సిపాలిటీది గనుక. ట్యాంకు మనదైతే ట్యాంకుకు పట్టిన పట్టు మనది. పట్టులో ఈగలు మనవి. మరి ఈ కంప్యూటర్ ఎవరిది?"

"చీమలు పురుగులు కదండీ."

"తేనెటీగలు పక్షులా?"

మేనేజర్‌గారు రూళ్ళ పుస్తకం తెరిచారు.

"మున్సిపల్ ఆస్తిని నాశనం చేయాలంటే ముందు కొట్టివేత ఉత్తర్వు కావాలి. కొట్టివేయాలంటే అది స్టాకులో ఉండాలి. స్టాకులో లేనిదాన్ని స్టాకులోంచి ఎట్లా తీస్తామమ్మా? కాబట్టి ముందు చీమల్ని స్టాకులోకి తీసుకుందాం. కంప్యూటర్ మీ పేర ఉంది గనుక అవీ మీ పేరనే ఉంటాయి. ఆ తర్వాత కమిటీ వేసి, నిరుపయోగమని రాయించి, చంపేద్దాం. పద్ధతిగా."

"నెలాఖరులోపల అవుతుందాండీ?"

"పద్ధతికి తొందరుండదమ్మా" అన్నారాయన, ఓదారుస్తున్నట్టు.

చీమలు స్టాకులోకి ఎక్కాయి. రంగు ఎరుపు, సైజు చిన్న, పరిమాణం ఒక మంద. సంఖ్య వేయమని బాజీ పట్టుబట్టాడు. లెక్కపెట్టడానికి కదలకుండా ఉండాలిగదా అని మేనేజర్‌గారు మంద దగ్గరే ఆపారు. అంతా నిండిందిగాని 'ఎట్లు లభించినది' అన్న గడి మిగిలిపోయింది. కొన్నవా, ఎవరైనా ఇచ్చినవా, దొరికినవా? ఇచ్చినవైతే దాత పేరు రాయాలి. దీనిమీద కమిషనర్‌గారు స్వయంగా విచారణ జరిపారు.

విచారణ ఆయన గదిలోనే. ఆయన కూర్చున్నారు, మిగతావాళ్ళు నిలబడ్డారు. ఆయన తల వెనక గోడమీద ఆయనే కళ్ళు మూసుకుని, చేతులు చాచి, పెట్టెమీద బెల్లం పెడుతున్నారు.

"ఈ జీవులు కార్యాలయ పరికరంలోనికి ప్రవేశించుటకు దారితీసిన పరిస్థితులను మనం నిష్పాక్షికంగా పరిశీలించవలసి ఉన్నది" అన్నారు కమిషనర్‌గారు. "ఎవరైనా సిబ్బంది సదరు పరికరం సమీపమున తీపి పదార్థములను వినియోగించినారా?"

జోజిబాబు నేల చూశాడు. బాజీ కిటికీ చూశాడు. మేనేజర్‌గారు ఫొటో చూసి, వెంటనే కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

"హైమావతిగారూ, మీరు టిఫిన్ బాక్సు ఎక్కడ పెడతారు?"

"సొరుగులోనండీ."

"అందులో ఏముంటుంది?"

"గోంగూర పచ్చడీ అన్నమండీ. మజ్జిగ."

"తీపి?"

హైమావతి తలెత్తింది. ఆ ఫొటోలో కొబ్బరినీళ్ళ చుక్కలు కూడా స్పష్టంగా పడ్డాయి. నోటిదాకా మాట వచ్చింది. ఆ మాట అంటే నిజమైపోతుంది, ఫైలు మూతపడుతుంది. కాని రిలీవింగ్ ఆర్డరు మీద సంతకం పెట్టాల్సిన చెయ్యి, బెల్లం పెడుతున్న ఆ చెయ్యే. ఒంగోలులో వంకర పాపిడి కళ్ళముందు మెదిలింది.

"నాకు తెలియదండీ" అంది.

కమిషనర్‌గారు ఆవిడ చూపు వెంబడి వెనక్కి తిరిగి చూశారు. ఆయన ముఖం మెత్తబడింది. "ఆ రోజు ఎంత పవిత్రంగా జరిగిందో" అన్నారు. "ఆనాటి అనుగ్రహమే ఈ రూపంలో వచ్చిందని ఎందుకనుకోకూడదు?"

ఎవరూ అనుకోకూడదనలేదు. గడిలో 'దైవదత్తము' అని రాశారు. చార్జి లిస్టు మొత్తం మీద అంత నిజమైన మాట ఇంకొకటి లేదని హైమావతికి అనిపించింది.

తర్వాత కొట్టివేత కమిటీ వచ్చింది. మేనేజర్‌గారు, జోజిబాబు, పార్కుల సూపర్‌వైజర్ ముగ్గురూ భోజనాల తర్వాత కుర్చీలు వేసుకుని పెట్టె ముందు కూర్చున్నారు. చీమలు వస్తున్నాయి, పోతున్నాయి. ఒకటి తనకంటే పెద్ద అటుకు ముక్కను ఈడ్చుకుపోతోంది. ఇంకో రెండు వచ్చి చెయ్యి వేశాయి. సాయంత్రం వరకూ చూసి కమిటీ తన అభిప్రాయం రాసింది: సదరు చీమలు కమిటీ పరిశీలించిన కాలమంతయు విరామము లేకుండా, పరస్పర సహకారముతో పనిచేయుచు కనబడినవి, కార్యాలయములో ఆ సమయమున పనిచేయుచున్నవి అవి మాత్రమే అయియున్నవి, కావున నిరుపయోగమని ధ్రువీకరించుటకు వీలుపడదు.

"ఇదేమిటండీ జోజిబాబుగారూ" అంది హైమావతి.

"నేనేం చెయ్యనమ్మా. చూస్తా చూస్తా అబద్ధం ఎట్టా రాస్తాం? మీరే వద్దన్నారుగా" అన్నాడతను.

ఆ నివేదిక చదివి కమిషనర్‌గారు ఉప్పొంగిపోయారు. ఆ వారమే జిల్లానుంచి జీవవైవిధ్యం మీద ఒక సర్క్యులర్ వచ్చి ఉంది. ప్రతి ఆఫీసూ తన ఆవరణలోని జీవరాశిని గుర్తించి, పరిరక్షించి, ఫొటోలతో నివేదించాలి. మిగతా మున్సిపాలిటీలు కాకుల్నీ ఉడతల్నీ వెతుక్కుంటున్నాయి. కోటరేవులో జీవరాశి ముందే స్టాకులో ఉంది.

"మనం సమస్యను సమస్యగా చూడరాదు" అని ఆయన సిబ్బందిని సమావేశపరిచి చెప్పారు. "యంత్రమూ జీవమూ సహజీవనం చేస్తున్న కార్యాలయం రాష్ట్రంలో ఇంకెక్కడ ఉన్నది? దీనిని మనం ఒక నమూనాగా తీర్చిదిద్దవలసి ఉన్నది."

పెట్టెకు చుట్టూ తాడు కట్టారు. 'జీవజాలమున్నది, నెమ్మదిగా మాట్లాడండి' అని బోర్డు పెట్టారు. ఫ్యాను గాలికి చీమలు చెదురుతున్నాయని ఆ గదిలో ఫ్యాను ఆపించారు. హైమావతి ముఖం మీదికి జారిన చెమట తుడుచుకుంటూ, చేత్తో రాసి ఇచ్చే రశీదులు మాత్రం ఇచ్చేది. ధ్రువపత్రాలు ఆగిపోయాయి. తండ్రి మరణ ధ్రువపత్రం కోసం తిరుగుతున్న ఒక రైతు తాడు అవతల నిలబడి చాలాసేపు చూశాడు.

"కంప్యూటర్ పనిచెయ్యట్లేదంటివిగా అమ్మా. మరి ఆ చీమలు?"

"అవి పనిచేస్తున్నాయి నాయనా."

"అయితే వాటినే అడగమంటావా?"

"నన్ను అడగొద్దని మాత్రం చెప్పగలను" అంది హైమావతి.

ఒక్క మేలు జరిగింది. కంప్యూటర్ ఇప్పుడు కంప్యూటర్ కాదు గనుక, లిస్టులో 'పనిచేయు స్థితిలో' అన్న మాట కొట్టేసి 'చీమల నివాసార్థము కేటాయించబడినది' అని మేనేజర్‌గారు రాశారు. అంటే చీమలు బాగుంటే చాలు. చీమలను బాజీకి అప్పగిస్తే ఒంగోలు వెళ్ళిపోవచ్చు. ఆ సాయంత్రం హైమావతి ఇంటికి ఫోను చేసి, చీమలు కులాసాగా ఉన్నాయని చెప్పింది.

"నీ ఆరోగ్యం బాగానే ఉంది కదా?" అన్నాడు రత్నాకర్.

నెలాఖరుకు రెండు రోజుల ముందు అప్పగింత పెట్టుకున్నారు. పొద్దున్నే హైమావతి తలుపు తీసేసరికి గదిలో ఏదో తేడాగా ఉంది. గోడమీద బారు లేదు. బల్లమీద లేదు. తాడు దాటి వెళ్ళి పెట్టెమీద తట్టింది. కాగితం చుట్టి కన్నాల్లోంచి ఊదింది. ఒక్కటీ రాలేదు. బెల్లం అయిపోయి ఉంటుంది. తినేందుకేమీ లేని చోట చీమ ఒక పూటకూడా ఉండదు. హైమావతికి ఒక్కసారిగా ఒళ్ళు తేలికైంది. ఇన్నాళ్ళకు పీడ విరగడైందనుకుంది. ఫ్యాను వేసుకుని, కళ్ళు మూసుకుని గాలికి కూర్చుంది.

ఆ గాలిలోనే మేనేజర్‌గారు వచ్చారు. ఆయన వెనక బాజీ. పెట్టెలోకి ఆయన ఒకసారి, బాజీ ఒకసారి తొంగిచూశారు.

"తరుగు" అన్నారు మేనేజర్‌గారు.

"ఏమిటండీ?"

"స్టాకులో తరుగు. ఒక మంద చూపిస్తోంది, ఉన్నది శూన్యం. కస్టోడియన్ మీరు."

"అవే వెళ్ళిపోయాయండీ. నేనేం చేశాను?"

"వెళ్ళిపోయాయని మీరంటున్నారు. ఎవరి అనుమతితో? పైగా ఫ్యాను తిరుగుతోంది." ఆయన గొంతులో కోపం లేదు, విచారం మాత్రమే ఉంది. "రెండు దారులున్నాయి. ఒకటి, ఆస్తి చోరీ అయిందని పోలీసులకు ఫిర్యాదు ఇవ్వాలి. అది తేలేదాకా మిమ్మల్ని రిలీవ్ చేయడానికి వీల్లేదు. రెండోది, పోయిన ఆస్తిని కస్టోడియనే అదే జాతి, అదే రంగు, అదే పరిమాణంలో సమకూర్చి పెట్టాలి. రేపు సాయంత్రందాకా టైముంది."

"బాజీ, నువ్వన్నా సంతకం పెట్టెయ్యి నాయనా."

"నాకేం బాధలేదక్కా. రేపు నేను ట్రాన్స్‌ఫరైతే నేనేడనుంచి తెచ్చేది?" అన్నాడు బాజీ, చాలా మర్యాదగా.

ఆ సాయంత్రం హైమావతి ఇంటికి వచ్చి చేతిసంచి మంచంమీద పడేసి, తిన్నగా వంటగట్టు దగ్గరికి పోయింది. ఊరు వదిలే రోజులు గనుక సామాన్లన్నీ కట్టేసి ఉన్నాయి. డబ్బాలు కడిగి బోర్లించింది, గట్టు సబ్బుతో తోమింది. వెతికితే ఒక్క చీమ లేదు. జీవితంలో మొదటిసారి ఆవిడ చీమలమీద పూర్తిగా గెలిచింది.

గిన్నె తీసుకుని ముందు పోర్షన్‌లోకి వెళ్ళింది. సుబ్బరత్తమ్మగారు అరుగుమీద కూర్చుని చిక్కుడుకాయలు ఈనెలు తీస్తోంది.

"రా హైమా. తోడుకా? పెరుగు లోపలుంది, తీసుకుపో."

"తోడు కాదండీ." ఎట్లా అడగాలో తెలియక హైమావతి గిన్నెను చీరకొంగుతో తుడిచింది. "కాసిని చీమలు కావాలి."

సుబ్బరత్తమ్మగారు చిక్కుడుకాయ కింద పెట్టింది. "మా ఇంట్లో చీమలున్నయ్యని ఎవరు చెప్పారు నీకు?"

"ఉన్నాయని కాదండీ. ఉంటే."

"రోజూ మధ్యాన్నం గట్టు కడుగుతాను. దేవుడి అలమార శుక్రవారం శుక్రవారం తుడుస్తాను. మా అత్తగారు బతికున్నప్పుడు కూడా ఈ ఇంట్లో చీమన్న మాట లేదు. పక్కింటి రాజ్యలక్ష్మి చెప్పిందా? దాని ఇంట్లో బల్లులు పిల్లల్ని పెట్టినయ్యి, ముందు ఆ సంగతి చూసుకోమను."

హైమావతికి అప్పుడు అర్థమైంది. బియ్యం అప్పిచ్చేవాళ్ళు ఉంటారు, చంటిపిల్లను కాసేపు ఎత్తుకోమంటే ఎత్తుకునేవాళ్ళుంటారు. మా ఇంట్లో చీమలున్నాయి తీసుకుపో అనే ఇల్లాలు ఈ భూమ్మీద ఉండదు. ఆవిడ అరుగు చివర కూలబడి, మొదటినుంచీ జరిగినదంతా చెప్పింది. కొబ్బరికాయ, తేనెపట్టు, కమిటీ, తరుగు. చెబుతూ ఉంటే ఏడుపు వచ్చింది. "నెలాఖరు ఎల్లుండేనండీ. పిల్ల ఎదురుచూస్తోంది. చీమలు లేక ఆగిపోతున్నాను."

సుబ్బరత్తమ్మగారు చిక్కుడుకాయలు పక్కకు నెట్టింది. తర్వాత లేచి వీధి తలుపు గడియ వేసి వచ్చింది.

"ఎవరితో అనకూడదు" అంది.

"అననండీ."

"నా బొట్టుమీద ఒట్టు."

"మీ బొట్టుమీద ఒట్టు."

దేవుడి అలమారలో లక్ష్మీదేవి పటం కొంచెం పక్కకు జరిపింది. దాని వెనక గోడ ఎర్రగా కదులుతోంది. అవి అక్కడ హైమావతి అద్దెకు రాకముందునుంచే ఉన్నట్టుంది.

"ఎర్రవేనా నీకు కావలసింది?"

"ఎర్రవేనండీ. చిన్నవే."

"మంచి చీమలు. కుట్టవు" అంది సుబ్బరత్తమ్మగారు, తన పెరటి జామకాయల్ని గురించి చెప్పినట్టు. టిఫిన్ బాక్సులో బెల్లం ముక్క వేసి పటం కింద పెట్టి, ఇద్దరాడవాళ్ళూ కింద పీటలు వేసుకుని కూర్చున్నారు. సగం చిక్కుడుకాయలు హైమావతి ఈనెలు తీసింది. బాక్సు నిండగానే మూత పెట్టారు.

"కాసిని మాకుంచావా?" అంది సుబ్బరత్తమ్మగారు అలవాటుకొద్దీ.

మర్నాడు పొద్దున హైమావతి అందరికంటే ముందు ఆఫీసుకు వెళ్ళి, పెట్టెమీద బాక్సు బోర్లించింది. చీమలు కన్నాలు చూసుకుని, బెల్లంతో సహా లోపలికి దిగాయి. వాటికి ఆ ఇల్లు నచ్చినట్టే ఉంది.

బాజీ మోకాళ్ళమీద కూర్చుని శ్రద్ధగా చూశాడు. "అక్కా, ఇయ్యి మనయ్యేనా? మొహాలు కొత్తగా ఉండయ్యి."

"చీమల మొహాలు గుర్తుంటాయా బాజీ?"

"నిన్నటిదాకా లేవక్కా. ఇప్పటినుంచీ గుర్తుపెట్టుకోవాలిగా, నా పేరన ఉంటాయి" అని, 'చూసినంత మేరకు సక్రమం' అని రాసి సంతకం పెట్టాడు. మేనేజర్‌గారు లిస్టులో ప్రశ్నార్థకం కొట్టేశారు. కమిషనర్‌గారు రిలీవింగ్ ఆర్డరు మీద, బెల్లం పెట్టిన చేత్తోనే, అందంగా సంతకం చేశారు.

వీడ్కోలు సభ ఆ గదిలోనే పెట్టారు. కమిషనర్‌గారు శాలువా కప్పి, హైమావతిగారి వంటి పరిరక్షకురాలిని కోల్పోవడం ఈ సంస్థకు తీరని లోటనీ, ఆవిడ అప్పగించిన జీవసంపదను భావితరాలకు అందించవలసిన బాధ్యత మనపై ఉన్నదనీ మాట్లాడారు. లడ్డూల పళ్ళెం తెచ్చిన అటెండరుకు దాన్ని ఎక్కడ పెట్టాలో తోచలేదు. బల్లంతా పూలదండలూ కాగితాలూ ఉన్నాయి. కమిషనర్‌గారే తాడు పైకెత్తి చోటు చూపించారు. పళ్ళెం సీపీయూ పెట్టెమీద కూర్చుంది. ఫొటో తీశారు.

హైమావతి చూసింది. ఆవిడ రిలీవ్ అయిపోయింది.

సాయంత్రం బస్సు దిగేసరికి రత్నాకరూ హరిణీ స్టాండులో ఉన్నారు. సామాను ఆటోలో వేస్తూ రత్నాకర్, "మరి నీ చీమలు?" అన్నాడు.

"అప్పగించేశాను" అంది. నవ్వలేదు గనుక అతనూ నవ్వలేదు.

మర్నాడు పొద్దున ఆవిడ కొత్త ఆఫీసులో చేరాలి. తెల్లవారగానే హరిణిని పీటమీద కూర్చోబెట్టి దువ్వెన తీసుకుంది. పాపిడి నిజంగానే వంకర. మెడదాకా తిన్నగా దువ్వి, మళ్ళీ చెరిపి, అవసరం లేకపోయినా ఇంకోసారి తీసింది. హరిణి కదలకుండా కూర్చుంది. వంటింట్లో రత్నాకర్ సంచులు విప్పుతున్నాడు.

"హైమా, నీ టిఫిన్ బాక్సులో చీమలు. మూత సందులో ఇంకా ఇంత బెల్లం ఉంది. వేణ్ణీళ్ళు పోసేస్తున్నా."

హైమావతి జడ పాయలు చేతిలో పట్టుకునే వంటింటి గుమ్మం దాకా వచ్చింది. జడతోపాటు హరిణి కూడా లేచి వచ్చింది.

"పోయకండి" అంది.

"చీమలే కదా."

"చీమలే. ఇవాళ అక్కడ నేను చార్జి తీసుకోవాలి. ఆ లిస్టులో ఏముందో, ఎన్ని తక్కువున్నాయో, రేపు అప్పగించేటప్పుడు ఏమడుగుతారో ఎవరికి తెలుసు?" పాయలు వదలకుండా ఒక చేత్తో అల్మారాలోంచి చిన్న స్టీలు గిన్నె తీసి అతనికి అందించింది. "మూతపెట్టి ఒక పక్కన ఉంచండి. తోడుకన్నా కాసిని ఉండనీ."

తర్వాత కూతురిని మళ్ళీ పీటమీద కూర్చోబెట్టి రెండో జడ అల్లింది.